తాళం పగలలేదు

తన ఇంట్లోకి ఎవరో వచ్చిపోతున్నారని చెప్పడానికి వెళ్ళిన ఒక స్త్రీ ఫిర్యాదును పోలీసు స్టేషనులో నమోదు చేయలేదు. ఆమెను మానసిక వైద్యుడికి చూపించమని భర్తకు చెప్పి ఇద్దరినీ పంపించారు. ఆ మాటను పట్టుకుని ఆమె కూతుర్ని ఆమె దగ్గర నుంచి తీసుకుపోయారు. జరిగిన తప్పు ఇది. ఇక చెప్పవలసింది ఆ స్త్రీ గురించి.

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. బజారు చివర దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టి బొత్తాలు వేస్తుంది కాబట్టి దుకాణంలోనూ వాడలోనూ కాజాలక్క అంటారు. మాస్టరు కత్తిరించిన గుడ్డ మిషన్ల మీద చొక్కాగా మారి ఆఖరికి ఆమె ఒళ్ళోకి చేరుతుంది. ఎడమ మణికట్టుకు కట్టుకున్న గుడ్డపట్టీలో సూదులు గుచ్చుకుని, దారాన్ని మైనపు ముద్ద మీద ఒకసారి బర్రున లాగి, ఆమె పని మొదలుపెడుతుంది. ఆమె వేసిన బొత్తాన్ని ఊడబెరికితే చొక్కా చిరగాలి తప్ప దారం తెగదని మాస్టరు గిరాకీలకు గొప్పగా చెబుతాడు. గొప్ప చెప్పిన నోటితోనే ఆటపట్టిస్తాడు కూడా.

“ఊరందరి చొక్కాలకీ బొత్తాలేస్తావు. మీ ఆయన మెడ దగ్గర మాత్రం పిన్నీసు! ఇదెక్కడి న్యాయం కాజాలక్కా?”

“ఆయన లిఫ్టు నడుపుతాడు మాస్టారూ. లిఫ్టెక్కినవాళ్ళు తలుపుకేసి చూస్తారు గానీ నడిపేవాడి మెడకేసి ఎవరు చూస్తారు?”

అందులో అబద్ధం లేదు. ఆమె భర్త పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా వేళ్ళు బొత్తాల మీదే ఉండే మనిషికి ఇంటికొచ్చాక ఇంకో బొత్తాన్ని ముట్టుకోబుద్ధి కాదు. ఆ పిన్నీసు అలాగే ఉండిపోయింది.

ఇల్లు గృహ సంస్థ కట్టించిన కాలనీలో, మూడో అంతస్తులో ఎడమ వైపు తలుపు. రెండు గదులు, వంటకు మూల, ఆవరణ వైపు ఒక కిటికీ. ఒకే అచ్చులో పోసినట్టు కట్టిన భవనాలవి. గోధుమరంగు తలుపు, గుండ్రటి పిడి, పిడి కింద తాళం రంధ్రం, ఎక్కడ చూసినా అవే. ఒకప్పుడు ఒక్కో భవనానికి ఒక్కో రంగుండేది. పోయిన వానాకాలం తర్వాత సంస్థ అన్నిటికీ ఒకే బూడిదరంగు వేయించింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు ఒక భవనానికి బదులు ఇంకో భవనం మెట్లెక్కి ఆయాసపడటం కాలనీలో మామూలు వేళాకోళమైంది. మెట్లెక్కినవాళ్ళు తలుపు తట్టేవారు, లోపలివాళ్ళు నవ్వి పంపేసేవారు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

మొదట కనబడింది నీళ్ళ గ్లాసు. పగలంతా తాళం వేసి ఉన్న ఇంట్లో, సాయంత్రం ఆమె వచ్చేసరికి, బోర్లించిన గ్లాసు కింద నీటి వలయం ఉంది. పొద్దున కడిగిన తడి సాయంత్రం దాకా ఉండదు. తరువాత కుర్చీ. గోడకు ఆనించి వెళ్ళిన కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది, ఎవరో కూర్చుని బయటికి చూసి ఇప్పుడే లేచినట్టుగా. ఆ తరువాత దిండు. దిండు నడుమ తల పెట్టిన పల్లం. ఆమె అరచేత్తో తడిమి చూసి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. వెచ్చగా ఏమీ లేదు. చల్లగానే ఉంది. అయినా ఆ చల్లదనమే ఆమె మోచేతి దాకా పాకింది.

“అమ్మా, నా పెన్సిలు నువ్వు చెక్కావా?” అని అడిగింది కూతురు. పిల్ల అప్పుడే బడి నుంచి తండ్రితో వచ్చి పుస్తకాలు ముందేసుకుంది.

“లేదే. ఏం?”

“చూడు, బ్లేడుతో చెక్కారు. మనింట్లో బ్లేడే లేదుగా.”

పెన్సిలు మొన సూదిలా ఉంది. చెక్కిన పొట్టు కూడా ఎక్కడా లేదు, ఎత్తి పారబోసినట్టున్నారు. పిల్ల పుస్తకాలు పెద్దవి అడుగున, చిన్నవి పైన, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. అంత వరస ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పోగొట్టుకున్నవాళ్ళకు కనీసం పోయిందని తెలుస్తుంది. కాజాలక్క అల్మరా తీసింది, పెట్టె తీసింది, గిన్నెలు దించి చూసింది. ఏదీ పోలేదు. అన్నీ ఉన్నాయి, ఉన్నదానికంటే కాస్త బాగున్నాయి.

భర్త విని నవ్వాడు. “పొద్దుణ్ణించీ జనాన్ని పైకీ కిందికీ మోసి ఇంటికొస్తే, నువ్వు నన్ను పక్కకి లాగుతున్నావేంటే? గ్లాసు కడిగే దొంగైతే రానీ. పాత్రలు కూడా తోమమని చెప్పు.”

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకనాడు పొద్దున పనికి బయల్దేరుతూ అతను చొక్కా తొడుక్కున్నాడు. పిన్నీసు కోసం మెడ తడుముకున్నాడు. పిన్నీసు లేదు. బొత్తం ఉంది.

“ఎట్టకేలకు దయ కలిగిందన్నమాట,” అన్నాడు.

ఆమె చేతిలో పని వదిలి దగ్గరికొచ్చి, కాలరు పట్టుకుని, కళ్ళకు ఆనించుకుని చూసింది. ఆమె బొత్తం వేస్తే దారం నాలుగు రంధ్రాల మీదుగా ఐమూలగా వెళ్ళి నడుమ ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఈ బొత్తానికి దారం రెండు అడ్డగీతలుగా వేసి ఉంది. చక్కటి కుట్టు. చేతి తిరుగుడున్న మనిషి కుట్టు. ఆమె కుట్టు మాత్రం కాదు.

“ఇది నేను వెయ్యలేదు.”

“మరి నేను వేసుకున్నానా?”

“నేను వెయ్యలేదండీ.”

ఆ రెండోసారి అన్నప్పుడు ఆమె గొంతు విని అతను నవ్వడం మానేశాడు. కానీ భయపడ్డది కుట్టు చూసి కాదు, భార్యను చూసి. ఆ తేడా ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి ఆమె తన పనిలో ఉన్న పద్ధతినే తలుపుకు పెట్టింది. తాళం వేశాక, తలుపు పిడికీ పక్కనున్న మెట్ల కిటికీ ఊచకూ మధ్య మైనం పట్టించిన నల్లదారం ఒక పేట కట్టి, పీటముడి వేసేది. తలుపు తెరవాలంటే దారం తెగాలి. తెగిన దారం చూపిస్తే ఎవరైనా నమ్మక తప్పదు కదా.

దారం తెగలేదు. సాయంత్రం వచ్చి చూస్తే, కట్టిన చోటే, కట్టినంత బిగువుగా ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుని ముడి విప్పబోయింది. ముడి ఒక్క లాగుకే జారి వచ్చేసింది. తాను వేసింది పీటముడి. ఇది జారుముడి. ఎవరో దారాన్ని ఓపిగ్గా విప్పి, లోపలికి వెళ్ళి, తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ కట్టి పోయారు, ఇంటివాళ్ళు కట్టుకున్నది పాడుచేయకూడదన్న మర్యాదతో.

గేటు దగ్గర కాపలాదారుణ్ణి అడిగింది. “పగటిపూట బయటివాళ్ళెవరైనా వస్తున్నారా అన్నా?”

“ఒట్టు, ఒక్కడు కూడా రాలేదమ్మా. వస్తే నా కళ్ళు గప్పి పోగలడా?”

సంస్థ నిర్వహణ కార్యాలయానికి వెళ్ళి తాళం మార్చమంది. అక్కడి గుమాస్తా, “తాళం పగిలిందా?” అని అడిగాడు. లేదంది. “పగిలితేనే మారుస్తాం. తలుపూ తాళమూ సంస్థ ఆస్తి. మీ అంతట మీరు మారిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు. కొత్త గొళ్ళెం బిగించినా అంతే,” అన్నాడు. అంటే ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది గానీ, ఆ ఇంట్లోకి ఎవరు రాకూడదో చెప్పే హక్కు లేదు. ఇల్లు అన్న మాటకు ఇంతకంటే నీచమైన అర్థం ఏ చట్టంలోనూ దొరకదు.

స్టేషనుకు భర్తను బతిమాలి తీసుకెళ్ళింది. అధికారి టీ తాగుతూ విన్నాడు.

“ఏం పోయిందమ్మా?”

“ఏం పోలేదు సార్.”

“తాళం పగిలిందా?”

“లేదు సార్. బొత్తం కుట్టారు.”

“ఏంటి?”

“మా ఆయన చొక్కాకి బొత్తం కుట్టారు. మా పిల్ల పెన్సిలు చెక్కారు.”

అధికారి గ్లాసు కింద పెట్టి పక్కనున్నవాళ్ళకేసి చూశాడు. “ఒరేయ్, ఆ దొంగ దొరికితే ముందు మా ఇంటికి పంపండ్రా. మా ఆవిడ నా యూనిఫారానికి బొత్తం వెయ్యమంటే నెలల తరబడి వెయ్యదు.” గదంతా గొల్లుమంది. తరువాత అతను గొంతు తగ్గించి, ఆమెను వదిలేసి భర్తతో మాట్లాడాడు. “చూడు బాబూ, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే లేడు. మీ ఆవిడే చేసి మీ ఆవిడే మర్చిపోతోంది. మంచి డాక్టరుకి చూపించు. ఇంట్లో ఆడపిల్ల ఉందంటున్నావు, జాగ్రత్త.”

ఫిర్యాదు నిజమో కాదో తేల్చేది విచారణ. విచారణ మొదలవ్వాలంటే ముందు ఫిర్యాదు రాసుకోవాలి. రాసుకోకుండా, ఇల్లు చూడకుండా, మనిషిని నాలుగు ప్రశ్నలు అడగకుండా తేల్చి చెప్పేదాన్ని సోది అంటారు. సోది చెప్పడానికి ప్రభుత్వం ఎవరికీ యూనిఫారం కుట్టించి ఇవ్వలేదు.

ఆ సోదే ఇంటికొచ్చింది. భర్త తన అక్కకు చెప్పుకున్నాడు. ఆమె ఆ ఆదివారమే దిగింది. చెడ్డ మనిషి కాదు. ఇల్లంతా కలయజూసింది, మరదల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

“అమ్మాయ్, నిన్ను అనుమానిస్తున్నానని కాదు. కానీ పిల్ల కళ్ళు చూశావా? గ్లాసు ముట్టుకోవడానికి జడుస్తోంది. నీకు నయమయ్యేదాకా మా ఇంట్లో ఉంటుంది.”

“నాకేమైంది వదినా నయమవ్వడానికి?”

“ఏమీ కాలేదనే అంటారమ్మా అందరూ.”

పిల్ల సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర తల్లిని పట్టుకుని, “అమ్మా, నువ్వు కూడా వచ్చెయ్. ఈ ఇంట్లో ఉండకు,” అంది. “అత్తా, అమ్మ అబద్ధం చెప్పట్లేదు, నా పెన్సిలు నిజంగానే చెక్కారు,” అని మెట్ల మలుపు దాకా చెబుతూనే వెళ్ళింది. పిల్ల సాక్ష్యాన్ని పిల్ల మాట అని తోసిపుచ్చారు. తల్లి సాక్ష్యాన్ని పిచ్చి అని తోసిపుచ్చారు. ఇక మిగిలిన సాక్షి బొత్తం ఒక్కటే.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో కాజాలక్క ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో మాస్టరు మాత్రం గమనించాడు. ఆమె ఒక చొక్కాకు కాజాలు కుట్టి, ఎదురుపట్టీకి కూడా కాజాలే కుట్టేసింది. రెండు వైపులా రంధ్రాలు, బొత్తానికి చోటే లేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగని పొరపాటు అది. మాస్టరు ఆ చొక్కాను మడిచి పక్కన పెట్టాడు, ఆటపట్టించలేదు. ఆటపట్టించకపోవడమే ఆమెకు ఎక్కువ బాధేసింది. నిజంగానే తన చేతులే ఇంట్లో ఏదో చేసి తనకు చెప్పకుండా దాస్తున్నాయా అని మొదటిసారి అనుమానించింది. తన వేళ్ళకేసి చూసుకుంది, పరాయివాళ్ళ వేళ్ళను చూసినట్టు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగాయి. మాస్టరు అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు. ఎండ నిలువునా కాస్తోంది. కాలనీ ఆవరణలో మనిషన్నవాడు లేడు. మెట్లెక్కి మూడో అంతస్తు చేరి తలుపు చూసింది.

దారం విప్పి ఉంది. కిటికీ ఊచకు వేలాడుతోంది.

వెళ్ళేటప్పుడు కట్టే అలవాటున్న మనిషి ఇంకా కట్టలేదు. అంటే వెళ్ళలేదు.

కిందికి పరుగెత్తవలసింది. పరుగెత్తలేదు. మనుషుల్ని పిలుచుకొచ్చేలోగా లోపలున్నది లేకుండా పోతే, మరోసారి పిచ్చిదనిపించుకునే ఓపిక ఆమెకు లేదు. తాళం చెవి పెట్టి తిప్పింది. తిరిగింది. తలుపు వేలెడంత కదిలి ఆగిపోయింది. లోపల గడియ పెట్టి ఉంది.

చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో తలుపు దాకా వచ్చి ఆగారు.

“ఎవరది?” వణికే ముసలి గొంతు.

“తలుపు తియ్యండి.”

“తియ్యను. ఎవరు నువ్వు? ఏం కావాలి?”

“ఇది మా ఇల్లు.”

“అలాగే అంటారు. ఇల్లు మాదేనంటూ వచ్చే దొంగలు ఎక్కువైపోయారు. నువ్వేనా రోజూ మా ఇంట్లోకొచ్చి సామాన్లు కదుపుతున్నది?”

కాజాలక్క తలెత్తి గుమ్మం మీది సంఖ్య చూసింది. తనదే. నెల రోజులుగా తాను ఊరందరికీ చెప్పుకున్న మాట, ఇప్పుడు తన ఇంటి లోపలి నుంచి, తన మీదికే వస్తోంది. ఆ క్షణాన, తలుపుకు ఏ వైపున్నది తానో ఆమెకు నిజంగా తెలియలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

“ఆ పిల్లేది?” అంది లోపలి గొంతు. “ఇక్కడ పుస్తకాలు పెట్టుకునే పిల్ల. పెన్సిలు చెక్కి పెట్టా, పుస్తకాలే లేవు. నువ్వే ఎత్తుకుపోయావా?”

ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. మెట్టు మీద కూలబడి కాజాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, ఎందుకడుగుతోందో తనకే తెలియకుండా అడిగింది.

“చొక్కాకి బొత్తం వేసింది మీరేనా?”

“మా ఆయన చొక్కాకి నేను కాక ఇంకెవరేస్తారు? మెడలో పిన్నీసు పెట్టుకు తిరుగుతున్నాడు పిచ్చి మనిషి.”

“అడ్డంగా వేశారు. ఐమూలగా వెయ్యాలి. దారం మీద దారం పడితేనే గట్టి.”

“నాకు చెప్పొచ్చావా? దారం మీద దారం పడితే ఒరుసుకుని తెగుతుంది. అడ్డంగా వేస్తే బొత్తం కదల్దు. అవునూ, మైనం ఎక్కడ పెట్టావ్? వెతికి వెతికి చచ్చాను.”

“నా సంచీలో ఉంది.”

దొంగలు మైనం సంచీలో పెట్టుకు తిరగరని లోపలి మనిషికి తోచి ఉండాలి. గడియ తీసిన చప్పుడైంది.

పొట్టి ముసలావిడ. శుభ్రంగా దువ్విన తెల్ల జుట్టు. మెడలో తాడు, తాడుకు తాళం చెవి. కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. కాజాలక్క ఆ చెవిని పట్టుకుని తన తాళం చెవి పక్కన పెట్టింది. పన్నుకు పన్ను, గాడికి గాడి. ఒక తల్లి కన్న కవలలు.

“తలుపుకి దారం ఎవరో కడుతున్నారే,” అంది ముసలావిడ రహస్యం చెబుతున్నట్టు. “మా ఆయనే కట్టుంటాడని మళ్ళీ కట్టేసి పోతున్నా. ఆయనకి కోపమెక్కువ.”

ఆమె చెయ్యి పట్టుకుని కాజాలక్క కిందికి దింపింది. “మీ ఇల్లు ఏ మెట్లు మామ్మా?” అంటే, “ఆకుపచ్చది,” అంది. ఆకుపచ్చ భవనం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆవరణలో నిలబడి మామ్మ బూడిదరంగు గోడలకేసి ఒక్కొక్కటిగా చూసింది.

కాపలాదారు ఎదురొచ్చాడు. “ఈవిడా? ఈవిడ బయటావిడ కాదు కదమ్మా, ఆ వెనక భవనంలో మూడో అంతస్తు. మీరు బయటివాళ్ళు వచ్చారా అనడిగితిరి!”

వెనక భవనం, మూడో అంతస్తు, ఎడమ తలుపు. కాజాలక్క తన సొంత చెవిని ఆ తాళంలో పెట్టింది. తిరగకూడదని లోలోపల మొక్కుకుంది. తిరిగింది. లోపల అదే గది, అదే కిటికీ. అక్కడా కుర్చీ కిటికీ వైపే తిరిగి ఉంది.

కబురందుకుని మామ్మ కొడుకు పని నుంచి వచ్చాడు. తల్లి పక్కన పరాయి స్త్రీని చూసి, సంగతంతా విని, తల పట్టుకున్నాడు. “నాన్న పోయిన సంగతే అమ్మకు గుర్తుండదండీ. అమ్మా ఇదే మాట అనేది. ఇంట్లోకి ఎవరో వస్తున్నారు, నే పెట్టిన చోట సామాన్లుండట్లేదు అని. డాక్టరుకి చూపించాం. మాత్రలిచ్చాడు.”

రెండు భవనాల్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఫిర్యాదు చేశారు. ఇద్దరినీ మందులకే పంపారు. తాళాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

ఆ సాయంత్రం పనుల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆవరణలో ఆగారు. మొదట ఎవరూ నమ్మలేదు. భర్తను వెంటబెట్టుకుని కాజాలక్క పక్క భవనం మూడో అంతస్తుకు వెళ్ళి, ఆ ఇంటివాళ్ళ ముందే, తన చెవితో వాళ్ళ తలుపు తెరిచింది. ఆ ఇంటాయన తన చెవి తీసుకుని అవతలి భవనానికి నడిచాడు. రెండో అంతస్తువాళ్ళు రెండో అంతస్తుల తలుపులకు పోయారు, మొదటివాళ్ళు మొదటి వాటికి. ఏ అంతస్తులో ఏ వైపు తలుపైనా, అన్ని భవనాల్లోనూ దానికి ఒకే చెవి. మెట్ల దారుల్లో మాటలు ఆగిపోయాయి. టక్కుమని ఒక తాళం, కాసేపాగి ఇంకో తాళం. ప్రతి టక్కుకూ ఎవరో ఒకరు తమ తలుపుకేసి వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఇన్నేళ్ళూ పొరుగువాడి ఇంటి చెవి తమ జేబులో పెట్టుకు తిరిగారు, తమ ఇంటి చెవి పొరుగువాడి జేబులో ఉంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరూ “మాకు తెలీదండీ, నిజంగా తెలీదు,” అనుకుంటూ దిగారు.

అప్పుడే ఒకావిడ మెట్ల మీద కూర్చుండిపోయింది. రెండేళ్ళ కిందట ఆమె ఇంట్లో గొలుసు పోయింది. తాళం పగలలేదు, కాబట్టి ఇంట్లో పాత్రలు తోమే మనిషే తీసిందని స్టేషనుకు ఈడ్చారు. ఆ మనిషి తిరిగి ఈ వాడ ముఖం చూడలేదు. “ఎంత మొత్తుకుందో... నేనే చెంప మీద కొట్టాను,” అంది ఆవిడ, తన చెయ్యి చూసుకుంటూ. ఆ గొలుసు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. వెతకవలసిన జేబులు కాలనీ అంత ఉన్నాయి.

మర్నాడు అందరూ కలిసి సంస్థ ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. అతను ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడమే అసలు నేరాంగీకారం.

“అవును, మొదటి నుంచీ అంతే. మరమ్మతుల సౌలభ్యం కోసం. ఇంటికో చెవి పెడితే మా పనివాళ్ళు ఎన్నని మొయ్యాలి? ఇన్నాళ్ళు ఏమైనా అయిందా?”

“నా బిడ్డ నా ఇంట్లో లేదు,” అంది కాజాలక్క.

ఇంజనీరు ఆ మాట విననట్టు, అందరికీ కలిపి చెప్పాడు. “ఈ సంగతి బయటికి పొక్కకుండా చూసుకోండి. అదే మీకు భద్రత.”

అక్కడి నుంచి స్టేషనుకు వెళ్తే, అధికారి ఈసారి టీ గ్లాసు పక్కకు జరిపి విన్నాడు. ఆఖరికి, “పాపం ఆ ముసలావిడ మీద కేసు పెడతావా ఏంటమ్మా?” అన్నాడు.

“ఆవిడ మీద కాదు సార్. ఆవిడ తలుపు తీసి నన్ను లోపలికి రానిచ్చింది. మీరు ఆ మాత్రం కూడా చెయ్యలేదు.”

భర్త ఆ రోజే అక్క ఇంటికి వెళ్ళాడు. “తప్పంతా నాదే అక్కా, పిల్లను పంపు,” అన్నాడు. ఆమె అంతా విన్నది, మరదలికి ఫోను చేసి ఏడ్చింది, క్షమించమంది. ఆ తరువాత ఒక మాట అడిగింది.

“అమ్మాయ్, తాళం మార్చారా?”

“లేదు వదినా.”

“మరి అందరికీ తెలిసిపోయిందిగా ఇప్పుడు. ఊళ్ళో ఎవడి చెవైనా...”

కాజాలక్క కూడా పంపమని అనలేకపోయింది. మొదట పిల్లను తీసుకుపోయింది అబద్ధపు కారణానికి. ఇప్పుడు ఉంచవలసి వస్తున్నది నిజమైన కారణానికి. పిచ్చిది కాదని రుజువైన రోజునే, ఆమె ఇల్లు ఇల్లు కాదని కూడా రుజువైంది.

ఇప్పుడు ఆమె దుకాణానికి వెళుతూ దారం కడుతూనే ఉంది. మామ్మను కొడుకు పగలు తన చెల్లెలి ఇంట్లో దింపి వెళుతున్నాడు. గ్లాసు కింద తడి ఉండటం లేదు. అయినా తలుపు తీసేముందు ఆమె గుమ్మంలో ఆగి, “ఎవరన్నా ఉన్నారా?” అని తన ఇంటినే అడుగుతుంది. బదులు రాకపోతే ఊరట కలగదు. బదులిచ్చేది మామ్మ ఒక్కతే కదా.

గృహ సంస్థ పాలకులారా, ఇంజనీరు గారూ, స్టేషను అధికారి గారూ, ఇది మీకు. ప్రతి తలుపుకూ దాని చెవి తప్ప వేరొకటి పట్టని తాళం, మీ ఖర్చుతో, వెంటనే బిగించండి. ప్రజలకు తెలియకుండా ప్రజల ఇళ్ళను ఊరుమ్మడి చేసినవాళ్ళ పేర్లు చెప్పండి. తాళం పగలలేదన్న ఒక్క మాట మీద దొంగ అన్న ముద్ర వేసిన ఆ పాత్రలు తోమే మనిషిని వెతికి, ఎక్కడ నిలబెట్టి అవమానించారో అక్కడే నిలబెట్టి క్షమాపణ చెప్పండి. కాజాలక్క ఫిర్యాదు ఈ రోజే రాసుకోండి. ‘ఏం పోయింది’ అన్న గడిలో ఏం రాయాలని అడుగుతారేమో. ‘కూతురు’ అని రాయండి. ఆమె ఇంట్లో బల్ల మీద పిల్ల పెన్సిలు ఇంకా చెక్కే ఉంది.